తటాకమును ప్రబంధమును: చెరువును గూర్చిన మన రచనలపై ఒక విమర్శ

సప్తసంతానములలో తటాకమొకటి, ప్రబంధమొకటి. పుత్రుడు, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము అనువానితో కలిపి మన పూర్వులు ఏడింటిని లెక్కించిరి. మనుష్యుడు గతించిన పిదపను వాని పేరు నిలుపునవి ఇవియని వారి తాత్పర్యము. ఈ జాబితాను శాసనములలోను, కావ్యముల అవతారికలలోను మనమెన్నియోమారులు చదివియున్నాము. చదివి, చెరువునొక గదిలోను కావ్యమునొక గదిలోను ఉంచి తలుపులు మూసితిమి. చెరువు ఇంజనీర్ల సొత్తైనది. శాసనము చరిత్రకారుల సొత్తైనది. కావ్యము సాహిత్యపరుల సొత్తైనది. వనము ఎవరి సొత్తో ఎవరికిని తెలియదు.

ఈ వ్యాసమున నాలుగు రచనలను ఒకచోట పెట్టి చదువ తలచితిని: ఒక శాసనము, ఒక ప్రబంధము, ఒక ఖండకావ్యము, ఒక కౌలు. కౌలు సాహిత్యమగునాయని కొందరు నవ్వవచ్చును. వానినన్నిటిని నేనడుగునది ఒక్కటే. చెరువనగా నేమి? నీరు నిలువచేయు పాత్రయా? లేక పైనున్న కొండయు, కొండమీది అడవియు, కట్టమీది చెట్టును, నీటిలోని చేపయు, చెట్టుమీది పక్షియు, దిగువనున్న మడియు కలిసి చేయు సంసారమా? కోలారు, బెంగుళూరు, వేలూరు, చెంగల్పట్టు, మధుర ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనవారిలో చెరువుక్రింద భూమి లేని కుటుంబము ఒకనాడు అరుదు. కావున ఈ ప్రశ్న మనకు పుస్తకముల ప్రశ్న మాత్రమే కాదు.

మొదట శాసనము. కడప మండలమున పోరుమామిళ్లలో భైరవాలయము చెంత నున్న శిలలపై శకవర్షము 1291కి, అనగా క్రీస్తుశకము 1369కి, చెందిన సంస్కృత రచన యొకటి కలదు. విజయనగరాధీశుడు మొదటి బుక్కరాయల కుమారుడు, భవదూరుడను మారుపేరు గల భాస్కరుడు, ఉదయగిరి రాజ్యమును పాలించుచు అచట చెరువు కట్టించెను. ఎపిగ్రాఫియా ఇండికా పదునాల్గవ సంపుటమున విష్ణు సుక్తంకర్ దీనిని పరిష్కరించి ప్రకటించినది మొదలు ఇది పండితుల దృష్టిలో నున్నది. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము: ఇది ఆ చెరువునకైన శ్రమ యని శాసనకర్త చెప్పుచున్నాడు. దానమును మాత్రము చెప్పి ఊరకుండు శాసనములు వేలకొలది యుండగా, శాస్త్రమును చెప్పినది ఇది. మంచి చెరువునకు కావలసిన పన్నెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఇందు లెక్కించిరి.

ఆ పన్నెండింటి వరుసయే విమర్శకుని ఆకర్షింపవలెను. మొదటి యంగము రాజు: ధర్మపరుడు, ధనవంతుడు, స్థిరకీర్తిని కోరువాడు. రెండవది జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు. మూడవది గట్టి మన్నుగల నేల. పిదప మూడు యోజనముల దూరమునుండి తీయని నీరు తెచ్చు ఏరు, చెరువును తాకియుండు కొండ, కొండ పార్శ్వముల నడుమ మరీ పొడవుగాక దిట్టమైన రాతికట్ట, కట్టకొనలు పంటభూమికి దూరముగా తిరిగియుండుట, విశాలమై లోతైన గర్భము, నిడుపైన రాళ్లు దొరకు గని, చెంతనే సమతలమై ఫలించు పొలము, వడితో సుడులు తిరుగు నీటిత్రోవ. పన్నెండవది, అన్నిటికిని కడపట, పని నేర్చిన జనులు.

ఈ జాబితాను నేడు చదువు ఇంజనీరు మెచ్చుకొనక తప్పదు. కొండయే కట్టలో సగమగునట్లు స్థలమును వెదకుట, రాతిగనిని ముందే చూచుకొనుట, పొలము సమతలముగా నున్నదో లేదో పరీక్షించుట, ఇవి అనుభవము మీద వచ్చిన మాటలు. దోషములలో అంతకంటె సూక్ష్మమైన బుద్ధి కనబడును. కట్టనుండి నీరూరుట, చౌడునేల, నడుమ తాబేటివీపువలె మెట్ట లేచియుండుట అనునవి ఎవరికైనను తోచును. అల్పజలమునకు విస్తారభూమి యుండుటయు దోషమే, విస్తారజలమునకు అల్పభూమి యుండుటయు దోషమే యన్నచోట శాసనకర్త కేవలము కట్టుబడిని దాటి కొలతను చెప్పినాడు. నీరు ఎంత వచ్చునో అంతకే ఆశ యుండవలెనని దాని యర్థము. గొట్టపుబావులతో పాతాళమును తోడుకొని ఆ కొలతను మనము దాటితిమి.

మిగిలిన దోషము రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట. రాష్ట్రేతరాంధ్రులకు ఈ మాట చదువగానే గుండెలో తగులును. పాలారు కర్ణాటకమున పుట్టి, చిత్తూరు సీమమీదుగా పోయి, తమిళదేశమున సముద్రమును చేరును. మూడుచోట్లను దాని యొడ్డున తెలుగు మాటాడువారున్నారు. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వముల నడుమ నదీజలములపై ఒడంబడిక జరిగినది మొదలు నేటివరకు ఆ యేటి నీటి పరిమాణమును గూర్చి వాదము సాగుచునేయున్నది. వాదమంతయు పరిమాణమును గూర్చియే. ఈలోగా వేలూరు సీమలోని తోళ్ల కర్మాగారముల వ్యర్థజలము ఆ యేటిని, ఏటిగట్టు బావులను చెరిచినది. 1996లో సుప్రీంకోర్టు ఆ వ్యవహారమున తీర్పు చెప్పుచు, కాలుష్యము చేసినవాడే దాని మూల్యము చెల్లింపవలెనను సూత్రమును మనదేశపు న్యాయములో భాగముగా నిలిపినది. నీటిని పంచుకొనుటకు మూడు ప్రభుత్వములు పోరాడినవి; నీటిని కాపాడుమని పౌరులు న్యాయస్థానమునకు పోవలసివచ్చినది.

శాసనమునకు తిరిగి వత్తము. దానియందు లేనివేవి? ఏరున్నది కాని ఆ యేటికి నీరిచ్చు అడవి లేదు. కొండ యున్నది కాని, కట్టకు ఆసరాగా తప్ప వేరు గణన లేదు. దోషములలో పూడిక లేదు. చెరువునకు పూడికను మించిన శత్రువేది? ఇది కట్టించువాని శాస్త్రమే కాని కాపాడువాని శాస్త్రము కాదు. కాపాడువాని మాట వేరు శాసనములలో వెదకవలెను. చెరువు మరమ్మతు చేయువానికిచ్చిన దశబంధ మాన్యములను, కన్నడదేశమున పూడిక తీయు బండ్లకై ఇచ్చిన భూములను పేర్కొను శిలలు పలుచోట్ల కలవు. మన పండితులు పోరుమామిళ్లను పొగడినంతగా వానిని పొగడలేదు. కీర్తి కట్టినవానిది, బ్రతుకు కాపాడినవానిది.

మరియొక మాట. పన్నెండవ అంగమైన పనివారి పేరొక్కటియు శాసనములో లేదు. కర్ణాటక, తమిళదేశములలో నేటికిని ఇండ్లలో తెలుగు మాటాడు వడ్డెరలలో మన్నువడ్డెరలు, కల్లువడ్డెరలు అను తెగలున్నవి. మన్నువడ్డెరలు కట్ట పోసిరి. కల్లువడ్డెరలు రాయి కొట్టిరి. వారి పేరు ఓడ్రశబ్దమునుండి వచ్చినదని చెప్పుదురు. తెలుగుసీమకు వెలుపల తెలుగు ఎట్లు వ్యాపించెనని అడుగువారికి దండయాత్రలను, నాయకరాజుల ఆస్థానములను మాత్రమే చూపుట మనకలవాటు. పార పలుగులు భుజమున వేసికొని చెరువునుండి చెరువునకు పోయినవారి వెంటను తెలుగు పోయినది.

ఆ మాటల జాడ ఇప్పటికిని వినవచ్చును. మన తూము కన్నడమున తూబు, తమిళమున తూంబు. మిగులునీరు పొరలిపోవు చోటును తెలంగాణమున అలుగనియు, నెల్లూరుసీమలో కలుజనియు, రాయలసీమలో మరవయనియు అందురు. కలుజునకును తమిళుల కలింగునకును చుట్టరికము చెవికే తెలియును. కన్నడులు కోడియందురు. నీటిని మడిమడికి పంచువాడు కోలారు చిత్తూరు సీమలలో నీరుగంటి, తెలంగాణమున నీరటి, తమిళులకు నీర్కట్టి లేక మడైయన్. భాషాభేదమును మించిన ఏకత్వము ఈ వృత్తిపదములలో నున్నది.

ఇక ప్రబంధము. ఆముక్తమాల్యద విజయనగరమున నున్న రాజు, తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరు కథను, తెలుగున వ్రాసిన కావ్యము. ఈ సంచికను చదువువారికి దీనికంటె ఆత్మీయమైన గ్రంథము మరి లేదు. ప్రథమాశ్వాసమున విల్లిపుత్తూరు వర్ణనలో కృష్ణదేవరాయలు పొలముల కాలువలలో నిదురించు బాతులను చూపును. రెక్కలలో తలలు దూర్చుకొని ముద్దలుగా పడియున్న బాతులను తెల్లవారుజామున చూచి, స్నానము చేసిపోయిన బ్రాహ్మణులు మరచిన పిండిన ధోవతులని తలచి, వానిని ఇండ్లకు చేర్చుదమని కావలివారు రేవులోనికి దిగుదురు. బాతులు లేచి పరుగిడును. వరిచేని కాపుకత్తెలు నవ్వుదురు. ఈ పద్యమును మెచ్చని విమర్శకుడు లేడు. స్వభావోక్తియని, భ్రాంతిమదలంకారమని, హాస్యమని మెచ్చినారు. నేనును మెచ్చుచున్నాను, కాని ఆ మెప్పులో ఒకటి తక్కువయైనదని నా మనవి.

ఆ దృశ్యము జరుగుటకు ఏమేమి కావలెను? వేకువను కూడ నీరుండు మట్టికాలువ కావలెను. బాతులు నిర్భయముగా నిద్రించునంతగా ఊరివారికి వానిపై సహనముండవలెను. కావలివాడు, స్నాతకుడు, కాపుకత్తె, బాతు, నలుగురును ఒకే కాలువను తమ తమ పనికి వాడుకొనుచుండవలెను. సిమెంటు పూసి, గట్లు నిలువుగా చెక్కి, వంతుప్రకారము మూడుదినములకొకమారు నీరు వదలు కాలువలో ఈ పద్యము పుట్టదు. అలంకారశాస్త్రము పద్యపు పైభాగమును చూపును. దాని అడుగున పారు కాలువను చూచుటయు విమర్శకుని పనియే.

చతుర్థాశ్వాసమున వర్షర్తువర్ణన మరియు గొప్పది. ముసురుపట్టిన కాలమున రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిస మున్నగు ఆకుకూరలను చింతచిగురుతో వండుకొని ఆరికెల అన్నముతో తినుటను రాయలు వర్ణించెను. ఈ కూరలలో విత్తి పెంచునది యేది? ఏవియు కావు. వాన కురియగానే చేనిలోను, గట్లమీదను వానియంతట అవి మొలచునవి. పంటతోపాటు పొలము ఉచితముగా ఇచ్చు ఆహారమది. చక్రవర్తికి ఈ ఆకుల పేర్లు తెలిసియుండుట ఆశ్చర్యమని పలువురనిరి. నాకు ఆశ్చర్యము వేరు. నేడు కలుపుమందు చల్లి చంపువానిలో ఇవి మొదటివి. తమ అమ్మమ్మలు వండినది ఈ కూరలనేయని మన పిల్లలకు తెలియదు.

ఇంతవరకు రాయలను పొగడితిని. ఇక తగవు. అదే చతుర్థాశ్వాసమున యామునాచార్యులు కుమారునకు చెప్పు రాజనీతిలో రెండు మాటలున్నవి. దేశము చిన్నదైనను గుంటలు కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్నులో వెసులుబాటిచ్చి వృద్ధిచేసినచో అర్థధర్మములు రెండును పెరుగునని ఒకటి. ఇది నీటిపారుదల ఉపన్యాసములలో తరచుగా వినబడు మాట. రెండవది ఆ ఉపన్యాసములలో వినబడదు. పొలిమేర దుర్గముల చెంతనున్న అడవులను పెంచుమనియు, దేశమధ్యమున నున్నవానిని నరికింపుమనియు, అట్లు చేయనిచో దొంగలబాధ తప్పదనియు ఆ నీతి. అడవి ఇచట కోటగోడ మాత్రమే. సరిహద్దున గోడ కావలెను, ఇంటినడుమ గోడ వలదు.

రాజుగా రాయలకిది సహజము. పదునారవ శతాబ్దపు బాటలలో దొంగలభయము కల్ల కాదు. కాని గుంట త్రవ్వుమన్న నోటనే ఆ గుంటకు నీరిచ్చు అడవిని నరుకుమనుట నేడు చదువువారికి కంటిలో నలుసువలె నుండక మానదు. చెట్టు పోయిన వాలున వాన నిలువదు; ఇంకవలసినది పరుగెత్తును; పరుగెత్తుచు మన్ను తెచ్చును; ఆ మన్ను పోయి గుంటలో పడును. బాతును, గురుగాకును చూచిన కవికి ఈ సంబంధము అందకపోలేదని నా నమ్మకము. రాజుకది పనికిరాలేదు. ఒకే ఆశ్వాసమున కవి ఒకవైపును, ప్రభువు మరియొకవైపును నడచిరి. మన ప్రభుత్వములు వారసత్వముగా గ్రహించినది ప్రభువు మాటను. జలవనరులశాఖ వేరు, అటవీశాఖ వేరు, మత్స్యశాఖ వేరు, చెరువు మాత్రమొక్కటే.

ఆ కాలపు చెరువుల పనిని కనులార చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్ పదునైదు ఇరువదివేలమంది చీమలవలె పనిచేయుచుండిరని వ్రాసెను. కట్ట పలుమారులు తెగగా నరబలి యిచ్చిరనియు వ్రాసెను. ఈ రెండవమాట మనలను మూడవ రచనకు చేర్చుచున్నది.

కట్టమంచి రామలింగారెడ్డిగారి ముసలమ్మ మరణము పందొమ్మిదవ శతాబ్దము ముగియుచుండగా వెలువడినది. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగనున్న సమయమున, ఊరిని కాపాడుటకై బసిరెడ్డి కోడలు ముసలమ్మ నీటిలో నడచిపోయి ప్రాణమిచ్చిన కథ. బ్రౌను దొర సేకరింపించిన స్థానిక చరిత్రనుండి గ్రహింపబడినది. రాణులను, అప్సరసలను విడిచి పల్లెటూరి కాపుకోడలిని నాయికగా నిలిపిన ఈ కావ్యము నవీనకవిత్వమునకు దారితీసినదని విమర్శకులనిరి. అది న్యాయమైన ప్రశంస. ఆమె నిబ్బరము, పిల్లలను విడుచు ఘట్టమునందలి కరుణము మరపురానివి.

అయినను చెరువు మాటేమి? ఈ కావ్యమున చెరువు అకస్మాత్తుగా పైబడు మృత్యువు. అది ఎందులకు పొంగెనని ఎవరును అడుగరు. దైవము కోరెను, స్త్రీ యిచ్చెను, కట్ట నిలిచెను. విమర్శకులును అడుగలేదు, రసము సిద్ధించినది, చాలునన్నారు. కన్నడమున కెరెగె హార యను జానపదగీతము కలదు. కర్ణాటకమున నున్న మనవారు విననివారుండరు. అందు చిన్నకోడలు భాగీరథి చెరువునకు బలియగును. రెండు కథలను ఒకచోట పెట్టినచో ఒక విశేషము కనబడును. తెలుగుకథలో చెరువు నిండి తెగబోవుచున్నది; కన్నడకథలో త్రవ్విన చెరువున నీటిచుక్క లేదు. ఒకచోట వరద, ఒకచోట ఎండుదల, రెండుచోట్లను బలి కోడలే. వరదయు ఎండుదలయు వేరు వేరు దేవతల కోపములు కావు. పరీవాహకప్రదేశము చెడినచోట ఒకే చెరువు ఒకయేడు తెగును, మరుసటియేడు ఎండును. జానపదులకు రెండు కొనలును తెలిసినవి. నడుమనున్న కొండమాత్రము రెండు కథలలోను లేదు.

ఇది పాతకథయని త్రోసివేయుటకు వీలులేదు. 2021 నవంబరు 19న కడప మండలమున చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఊళ్లు కొట్టుకొనిపోయినవి, ప్రాణములు పోయినవి. ఆ దినములలోనే తిరుపతి చెంత రాయలచెరువు కట్టకు గండిపడునను భయముతో దిగువ గ్రామములను ఖాళీచేయించిరి. ఆ వార్తలు చదువుచున్నప్పుడు నాకు ముసలమ్మయే జ్ఞప్తికి వచ్చినది. బెంగుళూరు మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఆ నగరమును నిర్మించిన కెంపేగౌడ చెరువులు కట్టించిన ప్రభువు. గంగాగౌరీవిలాసమను తెలుగు యక్షగానము ఆయన పేర ప్రసిద్ధము. తలమీది గంగకును ప్రక్కనున్న గౌరికిని తగవు పెట్టి తీర్చిన కృతి. ఆయన యూరిలో ధర్మాంబుధి చెరువు బస్సుల నిలయమైనది, సంపంగిచెరువు క్రీడామైదానమైనది, బెళ్లందూరు చెరువు 2015లోను 2017లోను నురుగు కక్కి మండినది. నీరు మండుటను ఏ ప్రబంధకవియు ఊహింపలేదు.

నాల్గవ రచన కౌలు. చెంగల్పట్టు సీమలో వేడంతాంగల్ అను చిన్న చెరువు కలదు. ముప్పది హెక్టారులకు మించదు. దాని గర్భమున కడపచెట్లు, నల్లతుమ్మలు నీటిలో నిలిచి పెరుగును. ఈశాన్య ఋతుపవనము వచ్చి చెరువు నిండగానే కొంగలు, కంకణాలు, నీటికాకులు, నత్తగుల్లకొంగలు వేలకొలదిగా వచ్చి ఆ చెట్లపై గూళ్లు పెట్టును. పక్షుల రెట్ట నీటిలో పడును. ఆ నీరు తూము దాటి మడికి పోవును. మడికి వేరుగా ఎరువక్కరలేదు. దీనిని ఊరివారు ఏ శాస్త్రగ్రంథమును చూచి నేర్వలేదు. తెల్లసిపాయిలు వచ్చి పక్షులను కాల్చగా, ఊరివారు కలెక్టరుతో మొరపెట్టుకొనిరి. 1798లో లయొనెల్ ప్లేస్ అను కలెక్టరు పక్షులను ఎవరును బాధింపరాదని వారికి కౌలు వ్రాసియిచ్చెను.

రైతునకు కౌలనగా భూమికి సంబంధించిన హక్కుపత్రము. ఇచట భూమితోపాటు పక్షికి కౌలు దొరకినది. పోరుమామిళ్ల శాసనకర్త పన్నెండు అంగములలో చేర్చని దానిని ఈ పల్లెవారు పదుమూడవ అంగముగా చేర్చి, ప్రభుత్వముచేత ఒప్పించి, కాగితముమీద పెట్టించిరి. బాతును చూచి రాయలు నవ్వించెను. వీరు దాని రెట్టను లెక్కగట్టిరి. నా మట్టుకు ఆ కౌలు మన నీటి సాహిత్యమున గొప్ప రచనలలో నొకటి. దానియందు అలంకారమేదియు లేదు. నీటిపాలనము, జీవరక్షణము అను రెండు మాటలు వేరుపడక మునుపటి రచన అది.

వేడంతాంగల్ ఒంటరియని తలపవలదు. మైసూరుసీమలో మద్దూరు చెంత కొక్కరెబెళ్లూరున చింతచెట్లమీద గూడబాతులును ఎర్రకాళ్లకొంగలును ఊరినడుమనే కాపురముండును. నెల్లూరుసీమలో నేలపట్టు చెరువున కడపచెట్లపైననే గూడబాతులు గూళ్లు కట్టును. 1976లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. ప్రకటన మంచిదే. కాని చట్టము హద్దును గీయును. పక్షికి హద్దు తెలియదు. గూడు చెరువులోనిదైనను మేత చుట్టునున్న మడులలోను, గుంటలలోను. వేడంతాంగల్ అభయారణ్యపు పరిధిని చెరువుచుట్టును ఐదు కిలోమీటర్లనుండి మూడింటికి కుదింపవలెనని 2020లో ప్రతిపాదన రాగా పెద్ద వ్యతిరేకత పుట్టినది. చెరువు భద్రముగా నుండగా అభ్యంతరమేమని కొందరడిగిరి. చెరువును పాత్రగా చూచినవారికి ఆ ప్రశ్న సహజమే.

నేటి చెరువుల పనులను ఈ వెలుగులో చూడవలెను. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ ఆరంభమై వేలకొలది చెరువులలో పూడిక తీయించినది. తీసిన మన్నును రైతులు తమ పొలములకు తోలుకొనిరి. పోరుమామిళ్ల శాసనము మరచిన పూడికను తలచుకొన్న పని గనుక దానిని నేను తక్కువచేయను. పూడిక తీయుటయందును రెండు తీరులున్నవి. గర్భమును తొట్టివలె నలుప్రక్కల నిలువుగా చెక్కినచో నిలువసామర్థ్యము లెక్కలో పెరుగును. జారుడుగా, పలుచని నీటితో నుండవలసిన అంచు పోవును. పొడవుకాళ్ల పక్షి నిలుచునది ఆ పలుచని నీటిలోనే. చేపపిల్ల దాగునదియు అచటి తుంగలోనే. లెక్కలపుస్తకమున ఘనపు కొలతకు గడి యున్నది. అంచునకు గడి లేదు.

కోలారు మాట మన హృదయమునకు దగ్గర. జీవనది లేని సీమ, వేలకొలది చెరువుల సీమ, తెలుగు కన్నడములు ఒకే వాకిట మాటాడుకొను సీమ. 2018లో కోరమంగల చల్లఘట్ట లోయ పథకము క్రింద బెంగుళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి, దినమునకు 440 మిలియన్ లీటర్ల చొప్పున అచటి చెరువులకు పంపుటకు పూనిరి. ఎండిన చెరువులు నిండినవి, బావులలో నీరు లేచినది, రైతులు సంతోషించిరి. ఆ సంతోషమును పట్టణమున కూర్చుండి వెక్కిరించుట నాకిష్టము కాదు. అయితే ఆ శుద్ధి రెండవ దశవరకే. మొదటియేడే లక్ష్మీసాగర చెరువున నురుగు కనబడినది. వ్యాజ్యము హైకోర్టునకును, అచటనుండి సుప్రీంకోర్టునకును పోయినది. శాసనకర్త నాల్గవ యంగముగా చెప్పినది తీయని నీరు తెచ్చు ఏరు. నీరు అను మాట చాలునను చోట ఆయన తీయని యను విశేషణమును ఊరక వేసియుండడు.

కోలారు సీమలో నీరుగంటులు ఇంకను కొందరున్నారు. పూర్వము పంటనాడు మేర కొలిపించుకొని, తూముమీద కూర్చుండి, ఏ మడికి ఎన్ని గడియల నీరో చూపుతో చెప్పినవారు. చెరువున చేప ఎప్పుడు గ్రుడ్డుపెట్టునో, ఏ పక్షి వచ్చిన తరువాత ఎన్నినాళ్లకు వాన పడునో, కట్టమీద ఏ చెట్టు వేరు మేలు చేయునో, ఏది చీల్చునో వారికి తెలియును. ఊరిలో అందరికంటె తక్కువగా చూడబడిన కులములవారే ఎక్కువగా ఈ పనిలో నుండిరి. అందువలననే కాబోలు వారి విద్య గ్రంథస్థము కాలేదు. శాసనములో బ్రాహ్మణుని జలశాస్త్రము రెండవ యంగమైనది. నీరుగంటి శాస్త్రమునకు అంకె దొరకలేదు.

ముందు వెలువడు సంచికలకు వ్యాసములు వ్రాయదలచిన యువకులకు ఒక పని సూచింతును. మీ మీ యూళ్లలో, అది కోలారైనను, హోసూరైనను, గంజామైనను, చెరువు పనిచేసిన వృద్ధులు మిగిలియున్నచో వారి చెంత కూర్చుండి వారు వాడు మాటలను వ్రాసికొనుడు. తూము, కలుజు, మరవ మన నిఘంటువులలో నున్నవి. కట్టమీది చెట్లకును, అంచున మొలచు గడ్డికిని, వచ్చిపోవు పక్షులకును వారు పెట్టుకొన్న పేర్లు అన్నియు లేవు.